మేడ మీద గదిలో ఎవరున్నారు?

ఆ మధ్య ఎడిసన్‌లో తెలిసినవాళ్లింట్లో సత్యనారాయణ వ్రతానికి వెళ్లాం. భోజనాలయ్యాక అలవాటు ప్రకారం అందరం బేస్‌మెంట్‌లో చేరాం. మాటలు ఉద్యోగాల మీంచి ఇళ్ల వడ్డీరేట్లకీ, అక్కణ్నుంచి హ్యాకర్లకీ మళ్లాయి. ఈ సర్వర్లు పడగొట్టేదంతా రష్యా వాళ్లేనని ఒకాయన, కాదు ఉత్తర కొరియా అని ఇంకొకాయన గట్టిగానే వాదించుకున్నారు. మేమిద్దరం మాత్రం కాఫీ తాగుతూ నోరు మెదపలేదు. మా ఇంటి ఇంటర్నెట్‌ను పడగొట్టినవాడు ఏ దేశం నుంచీ రాలేదు మరి. మూడు వీధుల అవతల నుంచి సైకిల్ మీద వచ్చి, మా వంటింట్లో దోసెలు తిని వెళ్లే పిల్లాడు. ఆ తర్వాత వాడి మీద ఎదురుదాడి చేసినవాడు మా మేడ మీద గదిలోనే ఉన్నాడు.

ఇన్నాళ్లూ ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు పిల్లలిద్దరికీ కాలేజీ వయసొచ్చింది. పేర్లు లేకుండా అయితే చెప్పుకోమని వాళ్లూ అన్నారు, ఆ బాబు అమ్మానాన్నలూ అన్నారు.

2021 వసంతకాలం. కరోనాతో బళ్లు సగం రోజులు ఇంట్లోంచే. మావాడికి అప్పుడు పదమూడేళ్లు. మైన్‌క్రాఫ్ట్ ఆట మీ ఇళ్లలోనూ ఉండే ఉంటుంది, చదరపు ఇటుకలు పేర్చి ఊళ్లు కట్టుకునే ఆట. పాత డెస్క్‌టాప్ ఒకటి మూలన పడుంటే దాని దుమ్ము దులిపి, దాంట్లో సొంతంగా సర్వర్ పెట్టాడు. ఆదివారం తెలుగు క్లాసు పిల్లలు పది పన్నెండు మంది అందులో చేరారు. చార్మినార్ కట్టారు. గోల్కొండ కోట సగం లేపారు. మా ఆనందం చెప్పనక్కర్లేదు. ఇండియాకి ఫోన్ చేసి "మీ మనవడు సొంతంగా సర్వర్ నడుపుతున్నాడు" అని మురిసిపోయాం. సర్వర్ అంటే ఏంటో అటువైపు వాళ్లకి తెలీదు, అయినా వాళ్లూ మురిసిపోయారు.

తర్వాత పిల్లల తగువు. ఒక బాబు వేరేవాళ్లు కట్టిన గోడ పడగొట్టాడని మావాడు వాణ్ని ఆటలోంచి తీసేశాడు. రెండు రోజులకి సాయంత్రాలు మా ఇంట్లో ఇంటర్నెట్ చచ్చిపోవడం మొదలైంది. మాలో ఒకరం ఆఫీసు కాల్‌లో మాట మధ్యలో మాయం, ఇంకొకరం రాత్రి రిలీజ్ చేస్తుండగా స్క్రీన్ బిగుసుకుపోవడం. ఇంటర్నెట్ కంపెనీకి ఫోన్ చేస్తే మోడెం తీసి మళ్లీ పెట్టమన్నారు. ముచ్చటగా మూడుసార్లు పెట్టాం. మనిషొచ్చి వైరు కూడా మార్చి వెళ్లాడు. పిల్లలు ఆటకి కూర్చున్నప్పుడే నెట్ పోతోందని గుర్తుపట్టడానికి తొమ్మిది రోజులు పట్టింది మాకు. ఇద్దరిదీ కలిపి ముప్ఫయ్యేళ్ల ఐటీ అనుభవం! ఒకరిది బ్యాంకు సర్వర్లకి కాపలా కాసే ఉద్యోగం కూడా. నవ్వుకోండి, ఫర్వాలేదు.

జరిగింది ఇదీ. సంక్రాంతి ముందు బస్టాండులో రిజర్వేషన్ కౌంటర్ ఊహించుకోండి. ఒక అల్లరిమూక రెండొందల మందిని క్యూలో నిలబెట్టింది. ఒక్కడికీ టికెట్ అక్కర్లేదు. "మాచర్ల బస్సు ఎన్నింటికి?" అని అడుగుతారు, జవాబు వినకుండా వెళ్లి మళ్లీ వెనక నిలబడతారు. లోపల గుమస్తా నిక్షేపంగా ఉన్నాడు, గల్లాపెట్టెలో రూపాయి పోలేదు, తాళం ఎవరూ పగలగొట్టలేదు. కానీ నిజంగా ఊరెళ్లాల్సినవాడికి మాత్రం టికెట్ దొరకదు. డినయల్ ఆఫ్ సర్వీస్ అంటే ఇంతే. దీనికి ఇంకో తెలివైన రకం ఉంది. ఊళ్లో కనబడ్డ ప్రతి దుకాణానికీ మీ పేరు, మీ చిరునామా వేసి "మీ కేటలాగు మొత్తం పంపండి" అని ఉత్తరం రాస్తారు. రాసింది చిన్న కార్డు ముక్కే, మీ గుమ్మంలో దిగేది బండెడు కట్టలు. ఇంటర్నెట్‌లో కొన్ని సర్వర్లు ఇలాగే చిన్న ప్రశ్నకి చాంతాడంత జవాబిస్తాయి, అడిగినవాడి చిరునామా నిజమో కాదో చూడవు.

మరి పన్నెండేళ్ల పిల్లాడికి ఇదంతా ఎలా తెలుసు? తెలియనక్కర్లేదు. అసలు చిక్కంతా అక్కడే ఉంది. బూటర్లు, స్ట్రెసర్లు అని అద్దె దుకాణాలున్నాయి. ఆటలో ఓడిపోతున్నవాడు ఎదుటివాణ్ని కనెక్షన్‌లోంచి తన్ని బయట పడేస్తాడు, దాన్నే బూట్ చెయ్యడం అంటారు, పేరు అలా వచ్చింది. పేరుకి "మీ సర్వర్ ఎంత బరువు మోస్తుందో పరీక్షించుకోండి" అని బోర్డు పెడతారు. నెలకి పది పదిహేను డాలర్లు కట్టి, చిరునామా కొట్టి, బటన్ నొక్కడమే. సినిమా టికెట్ కొన్నంత సులువు. మా సర్వర్ చిరునామా అంటే మా ఇంటి ఇంటర్నెట్ చిరునామాయే. అది ఆడే పిల్లలందరి దగ్గరా ఉంది, మావాడే ఇచ్చాడు.

మేం కోపంతో ఊగిపోయాం. ఆ ఇంటికి ఫోన్ చేద్దామా వద్దా అని రెండు రాత్రులు కొట్టుకున్నాం. ఉగాదికి, దీపావళికి కలిసే కుటుంబం. చివరికి మన పద్ధతిలోనే చేశాం. అంటే ఏమీ చెయ్యలేదు. సర్వర్ ఆపించాం, ఆ పిల్లాణ్ని ఇంటికి రానివ్వొద్దన్నాం, ఊరుకున్నాం.

రెండు వారాల తర్వాత ఒక ఆదివారం పొద్దున మావాడు ఇడ్లీ ముందు కూర్చుని తినడంలేదు. ఏంట్రా అంటే కళ్లనీళ్లు. పుట్టినరోజుకి వాళ్ల మేనమామ పంపిన గిఫ్ట్ కార్డుతో తనూ ఒక బూటర్ కొన్నాడట. శనివారం రాత్రి ఆ బాబు వాళ్లింటి మీద వేశాడట. "వాడు ముందు చేశాడు కదా" అన్నాడు. మరి ఏడుపెందుకు? వేశాక, తెలుగు క్లాసు పిల్లల గుంపులో ఆ బాబు పెట్టిన మెసేజ్ చూశాడు.

ఆ మెసేజ్ ఏంటో తర్వాత చెప్తాం. ముందు మావాడన్న "వాడు ముందు చేశాడు" అన్న మాట గురించి చెప్పుకోవాలి. ఆ వారమంతా మేం నిద్ర మానేసి చదివిన కేసుల్లో అదే మాట మళ్లీ మళ్లీ కనబడింది.

మన న్యూజెర్సీదే తీసుకోండి. ఫ్యాన్‌వుడ్ కుర్రాడు పారస్ ఝా సంగతి ఇక్కడ చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఆ పేరు పేపర్లో చూసినరోజు ఎన్ని దేశీ ఇళ్లలో గుండె కలుక్కుమందో. మైన్‌క్రాఫ్ట్ పిచ్చి ఉన్న పిల్లాడు, సొంతంగా సర్వర్ నడిపినవాడు. ఆ వ్యాపారంలో పోటీ సర్వర్లు ఒకదాన్నొకటి పడగొట్టుకోవడం మామూలు, ఎందుకంటే ఆట ఆగిపోతే పిల్లలు పక్క సర్వర్‌కి పోతారు, వాళ్లతోపాటే డబ్బూ పోతుంది. పేరున్న సర్వర్‌కి నెలకి వేల డాలర్లు వస్తాయి మరి. దాడులనుంచి కాపాడే పని నేర్చుకుని, ఇంకో కుర్రాడితో కలిసి కంపెనీ కూడా పెట్టాడు. కాపాడటం నేర్చుకున్న చేత్తోనే కొట్టడం మొదలైంది. గొడుగు అమ్మేవాడే వానా కురిపించాడు.

2014 నవంబర్ నుంచి 2016 సెప్టెంబర్ దాకా రట్గర్స్ యూనివర్సిటీ మీద పడిన దాడులు అతనివే. అతను చదువుతున్నదీ అక్కడే. మన పిల్లలు ఎంతమంది అక్కడ చదివారో లెక్కలేదు. అసైన్‌మెంట్లు పెట్టాలన్నా, లాగిన్ అవ్వాలన్నా కుదరక, సరిగ్గా పరీక్షల ముందు ఇళ్లకి ఫోన్లు చేసి గోలపెట్టిన పిల్లల్లో మా బంధువులమ్మాయి ఒకతె. 2015లో అక్కడ ట్యూషన్ 2.3 శాతం పెంచినప్పుడు చూపిన కారణాల్లో సైబర్ భద్రత ఖర్చు కూడా ఉంది. అంటే ఆ సరదాకి బిల్లు కొంత మన ఇళ్లకీ వచ్చింది.

2016లో అతనూ, పెన్సిల్వేనియా, లూసియానా కుర్రాళ్లు ఇద్దరూ కలిసి మిరాయ్ అనేదాన్ని తయారుచేశారు. ఇళ్లలో బిగించుకునే కెమెరాలు, వీడియో రికార్డర్లు, రౌటర్లు, వీటికి కంపెనీ ఇచ్చిన పాస్‌వర్డే చాలామంది ఉంచేస్తారు. అలాంటి అరవై చిల్లర పేరు-పాస్‌వర్డ్ జతలతో తలుపులు తట్టుకుంటూ పోయింది ఆ ప్రోగ్రాం. ఉచ్చదశలో దాదాపు 6 లక్షల పరికరాలు దాని చేతికి చిక్కాయని తర్వాత పరిశోధకులు లెక్కకట్టారు. మా గరాజ్ కెమెరా పాస్‌వర్డ్ మేం మార్చింది ఇది చదివిన రాత్రి, ఒంటిగంటకి.

సెప్టెంబర్ నెలాఖరులో, దొరికిపోతామన్న భయంతో, వాళ్లు ఆ కోడ్‌ని ఊరందరికీ పంచేశారు. అందరి దగ్గరా ఉంటే తమ మీదే అనుమానం రాదని లెక్క. మూడు వారాలకే, అక్టోబర్ 21న, న్యూహాంప్‌షైర్‌లోని డిన్ అనే కంపెనీ మీద దాడి జరిగి ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ లాంటివి గంటలకొద్దీ అందకుండా పోయాయి. ఎన్నికలకి రెండు వారాల ముందు! ఏదో శత్రుదేశం పనే అనుకున్నారు జనం. 2020 డిసెంబర్‌లో నేరం ఒప్పుకున్నది ఎవరు? దాడినాటికి మైనరు. అతను కొట్టాలనుకున్నదేంటి? సోనీ ప్లేస్టేషన్ ఆటల నెట్‌వర్క్. దాని మీదకి విసిరిన రాయి అమెరికా సగానికి తగిలింది. బేస్‌మెంట్‌లో వాదించుకున్న పెద్దమనుషులకి ఈ సంగతి చెప్పాల్సింది.

ఇంగ్లాండులో ఆడమ్ మడ్ కథా ఇంతే. హర్ట్‌ఫర్డ్‌షైర్‌లో తల్లిదండ్రుల ఇంట్లో, తన గదిలో కూర్చుని పదహారేళ్ల వయసుకే టైటానియం స్ట్రెసర్ అనే అద్దె దుకాణం నడిపాడు. దానిమీదుగా 17 లక్షల దాడులు జరిగాయని కోర్టులో తేలింది. రూన్‌స్కేప్ అనే ఆట ఒక్కదాని మీదే 25 వేల పైచిలుకు. ఆ ఆట కంపెనీ కాచుకోవడానికి 60 లక్షల పౌండ్ల దాకా ఖర్చుపెట్టింది. చూడండి, ఇతనూ తను చదివే కాలేజీని వదల్లేదు. 2017లో రెండేళ్ల శిక్ష పడింది. ఇలాంటి కుర్రాళ్లు అక్కడ చాలామందే. బ్రిటన్ జాతీయ నేర సంస్థ 2015లో పట్టుకున్న సైబర్ కేసుల్లో నిందితుల సగటు వయసు 17. మత్తుమందు కేసుల్లో అది 37.

దొంగతనాల కోసం చేసేవాళ్లు, బెదిరించి డబ్బు గుంజేవాళ్లు, దేశాల తరఫున చేసేవాళ్లు లేరని మేం అనం. ఉన్నారు. కానీ ఆటల సర్వర్ల దగ్గరికొచ్చేసరికి ఎక్కువమంది ఈ పిల్లలే. నిన్న దెబ్బ తిన్నవాడు ఇవాళ కొడుతున్నాడు, ఇవాళ తిన్నవాడు రేపు కొట్టడానికి కార్డు గీకుతున్నాడు. రెండువైపులకీ ఆయుధం అమ్మే దుకాణం ఒక్కటే. ఆ దుకాణాల మీద పోలీసులు పడుతూనే ఉన్నారు. 2018 ఏప్రిల్‌లో నెదర్లాండ్స్, బ్రిటన్ పోలీసులు మిగతా దేశాలతో కలిసి మూయించిన ఒక్క వెబ్‌స్ట్రెసర్‌కే 1,36,000 మంది ఖాతాదారులున్నారు. ఇక్కడ ఎఫ్‌బీఐ 2018 డిసెంబర్‌లో 15, 2022 డిసెంబర్‌లో 48 సైట్ల పేర్లు స్వాధీనం చేసుకుంది. ఒకటి మూస్తే పక్కవీధిలో ఇంకోటి తెరుస్తారు, కల్లు దుకాణం లెక్క.

చట్టం మాత్రం పదిహేను డాలర్ల లెక్కలో ఉండదు. ఇక్కడ కంప్యూటర్ ఫ్రాడ్ అండ్ అబ్యూస్ యాక్ట్ కింద పదేళ్ల దాకా జైలు పడొచ్చు. ఇండియాలో ఐటీ చట్టం 66వ సెక్షన్ కింద మూడేళ్లు, లేదా 5 లక్షల జరిమానా, లేదా రెండూ. డేబ్రేక్ గేమ్స్ లాంటి కంపెనీల మీద 2013 చివర్లో దాడులు చేసిన యూటా కుర్రాడికి 2019లో 27 నెలలు పడింది. అప్పటికి మా గ్రీన్‌కార్డు ఇంకా రాలేదు. మావాడు కళ్లనీళ్లు పెట్టుకుని చెప్తుంటే మా బుర్రలో ముందు తిరిగింది ఎదుటి ఇల్లు కాదు, మా ఫైలు. సిగ్గుగా ఉంది చెప్పడానికి, అయినా అదే నిజం. కంప్యూటర్ తుడిచేద్దామా అన్న మాట కూడా మా నోటివెంట వచ్చింది.

మన ఇళ్లలో జరిగేది ఇదే అని మా అభిప్రాయం. మావాడు కంప్యూటర్‌లో పులి అని చెప్పుకున్నంత కాలం ఆ పులి ఏం తింటోందో అడగం. తెలిసిన రోజున గుట్టుగా కప్పేస్తాం. కప్పెయ్యడం వల్ల ఏమవుతుందో కూడా చదివాం. ఫిన్లాండులో జూలియస్ కివిమాకి అనే అతను, 2014 క్రిస్మస్‌కి ప్లేస్టేషన్, ఎక్స్‌బాక్స్ పడగొట్టి కొత్త బొమ్మ ముందు కూర్చున్న పిల్లల పండగ పాడుచేసిన లిజార్డ్ స్క్వాడ్ గుంపులో వాడు. మైనరుగా చేసిన 50,700 కంప్యూటర్ నేరాలకి 2015లో శిక్ష పడినా జైలుకి పోనక్కర్లేకుండా బయటపడ్డాడు. అదే మనిషికి 2024లో అక్కడి జిల్లా కోర్టు ఆరేళ్ల పైన శిక్ష వేసింది. ఈసారి మానసిక చికిత్స తీసుకుంటున్న వేలమంది రహస్యాలు దొంగిలించి, వాళ్లనే బెదిరించిన కేసు. అప్పీలుకు వెళ్లాడనుకోండి.

మరోపక్క పారస్ ఝా ముగ్గురికీ 2018లో అలాస్కా కోర్టు జైలు వెయ్యలేదు. ఐదేళ్ల ప్రొబేషన్, 2,500 గంటల సమాజసేవ, 1,27,000 డాలర్ల పరిహారం. వాళ్లు ఎఫ్‌బీఐకి ఎన్నో కేసుల్లో సాయం చేశారని ప్రభుత్వమే చెప్పింది. రట్గర్స్ దాడులకి మాత్రం న్యూజెర్సీ కోర్టు అతనికి ఆరు నెలల గృహనిర్బంధం, 86 లక్షల డాలర్ల పరిహారం వేసింది. జైలు తప్పింది, కానీ లెక్క తప్పలేదు. ఎవరికి ఎంత నష్టం చేశావో ఎదురుగా పెట్టి చూపించారు. తేడా అక్కడే ఉందని మాకనిపిస్తుంది.

బ్రిటన్‌లో ఇంకో చిన్న పని చేశారు. 2017 డిసెంబర్ నుంచి ఆరు నెలలపాటు, ఎవరైనా కుర్రాడు గూగుల్‌లో బూటర్ కోసం వెతికితే "ఇది నేరం" అని ప్రకటన కనబడేలా డబ్బు కట్టారు. కేంబ్రిడ్జ్ పరిశోధకులు చూస్తే, అమెరికాలో దాడులు పెరుగుతూనే ఉన్న ఆ నెలల్లో అక్కడ పెరుగుదల ఆగింది. అరెస్టు కాదు, బెదిరింపు కాదు, సరిగ్గా వేలు బటన్ మీద ఉన్నప్పుడు ఒక పెద్దమనిషి మాట. ఆ మాట అనడానికి ప్రభుత్వమే రావాలా? ఆదివారం తెలుగు క్లాసులో వేమన పద్యాలు అప్పజెప్పిస్తాం, స్పెల్లింగ్ బీకి, రోబోటిక్స్‌కి కార్లలో తిప్పుతాం. బూటర్ అన్న మాట ఒక్క అమ్మానాన్నా పిల్లల దగ్గర ఎత్తి ఉండరు. మేం ఎత్తలేదు, ముప్ఫయ్యేళ్ల ఐటీ అనుభవంతో.

ఇక ఆ మెసేజ్. ఆ బాబు వాళ్ల తాతగారు విజయవాడ ఆస్పత్రిలో ఉన్నారు. 2021 మే నెల, అక్కడ రెండో వేవ్ ఎలా ఉందో మీకు చెప్పక్కర్లేదు. ఆక్సిజన్ మీద ఉన్నారు. లోపలికి ఎవరినీ రానివ్వరు. రోజుకోసారి నర్సు ఫోన్ పట్టుకుంటే ఐదు నిమిషాలు వీడియోలో చూడటం. అక్కడ పొద్దున ఏడున్నర, ఇక్కడ శనివారం రాత్రి పది. ఇల్లంతా ఫోన్ చుట్టూ చేరి ఉండగా పెద్దాయన మొహం తెరమీద ఆగిపోయింది. వైఫై తీసేసి మళ్లీ కలిపేసరికి నర్సు పక్క పేషెంటు దగ్గరికి వెళ్లిపోయింది. మళ్లీ మర్నాటి దాకా చూడలేదు. పన్నెండేళ్ల పిల్లాడు గుంపులో రాసిందల్లా ఒక్క ముక్క, "మా తాతయ్య ఆగిపోయాడు, ఎవరైనా ఇంటర్నెట్ బాగుచెయ్యగలరా" అని.

మేం కంప్యూటర్ తుడవలేదు. ఆ సాయంత్రమే ముగ్గురం మాస్కులు పెట్టుకుని వాళ్లింటికి నడిచివెళ్లాం. గరాజ్ ముందు నిలబడి మావాడి చేతే చెప్పించాం. మధ్యలో మేం అందుకోబోతే వాళ్ల నాన్నగారు "వాణ్ని చెప్పనివ్వండి" అన్నారు. ఆ ఇంటివాళ్లకి తమ పిల్లాడు ముందు చేసిన పని అప్పటిదాకా తెలీదు. పోలీసులకి చెప్పే హక్కు మీకుంది అన్నాం. వాళ్లు చాలాసేపు మాట్లాడలేదు. ఆ తర్వాత ఆ వేసవంతా పిల్లలిద్దరూ వారానికి రెండు సాయంత్రాలు ఇల్లిల్లూ తిరిగి, మన తెలుగువాళ్ల రౌటర్లు, కెమెరాల పాస్‌వర్డులు మార్పించారు. పెద్దాయన జూన్‌లో ఇంటికొచ్చారు, ఇప్పటికీ ఉన్నారు. అప్పుడు మాత్రం ఆయన ఏమవుతారో ఎవరికీ తెలీదు.

ఆ రోజు గరాజ్ ముందు ఆవిడ అరవలేదు, ఏడవలేదు. మావాణ్ని ఒకటే అడిగారు.

"ఎంతకి కొన్నావు నాన్నా?"

"పదిహేను డాలర్లు ఆంటీ."

ఆవిడ వెనక్కి తిరిగి, తలుపు చాటున నిలబడ్డ కొడుకుని చూశారు.

"నువ్వు?"

"పది."